మోకాళ్ళకు తగిలిన గాలి

నర్సరీ వాళ్ళ పాత పికప్ షెడ్డులోకి వచ్చేసరికి బానెట్ అంచుల నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. చెవుల మేస్త్రి చేతిలో పని వదల్లేదు, తల కూడా తిప్పలేదు. వేరే బండి కింద పడుకుని బోల్టు బిగిస్తూనే, "ఆపకు, తిరగనీ," అని కేకేశాడు. పొడుగు డ్రైవరు తాళం మీద నుంచి చెయ్యి తీసి, మాస్టారు పిలిచిన పిల్లాడిలా బండి పక్కన నిలబడ్డాడు.

మేస్త్రిది వినే వైద్యం. మిగతా మెకానిక్‌లు ముందు బానెట్ ఎత్తుతారు, ఇతను ముందు కళ్ళు మూస్తాడు. పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద మోపి, పిడి చెవికి ఆనించి, లోపల ఏ బేరింగు మూలుగుతోందో, ఏ వాల్వు కదలనని మొరాయిస్తోందో చెప్పేస్తాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అతను చెప్పిందే నిజమవుతుంది. ఆ పదోసారి సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు. అతను అసలే గుర్తుపెట్టుకోడు.

బండి కింద నుంచి లేచి వచ్చి, నడుము మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. ఇంజను పాతదే అయినా ఊపిరి సమంగానే ఉంది. పంపు తిరుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. డ్రైవరు సీటు పక్కకి వచ్చి గేజి చూశాడు. ఎర్ర గీత దగ్గరున్న ముల్లు, చూస్తుండగానే, మెల్లిగా కిందికి జారుతోంది.

"ఇక్కడికొచ్చాక బుద్ధిమంతురాలైపోతుందండీ," అన్నాడు పొడుగు డ్రైవరు. "గుట్ట ఎక్కేటప్పుడు చూడాలి దీని వేషాలు."

"నడిపేవాళ్ళ వేషాలు కూడా చూడాలి," అన్నాడు మేస్త్రి.

అరగంటలో ముల్లు మధ్యకి వచ్చి కూర్చుంది. మేస్త్రి ఒక్కటొక్కటిగా చూసుకుంటూ వెళ్ళాడు. రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి, కొంచెం కొంచెంగా తిప్పి, ఆవిరి పోయాక తీశాడు. నీళ్ళు కాస్త తగ్గాయి తప్ప రంగు మారలేదు, ఆయిల్ తేలలేదు. బెల్టు బిగువుగా ఉంది. కింది గొట్టాన్ని నొక్కి చూశాడు, మెత్తబడలేదు. వేడెక్కితే నీళ్ళకి దారి ఇచ్చే థర్మోస్టాట్ విప్పి, టీ కాచుకునే గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో వేశాడు. అది చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న మట్టినీ పురుగులనీ నీళ్ళతో కడిగాడు, అదేమంత లేదు. ఇంజనుకి ఏ జబ్బూ లేదు.

ఆఖరున గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచే కడ్డీ పైకి లాగి, ఒక తెల్ల కాగితం మీద ఆ చుక్క అద్దాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో పరుచుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే మాడు వాసన కొట్టింది.

అప్పుడు అతని మొహం మారింది. ఆ గేర్‌బాక్స్ విప్పి, లోపల కాలిపోయిన ప్లేట్లన్నీ తీసి కొత్తవి వేసి సరిగ్గా ఏడాది. ఈ బండిలో గేర్లు వాటంతటవే మారతాయి. ఆ గేర్ల ఆయిల్ చల్లబడడానికి కూడా రేడియేటర్ అడుగునున్న తొట్టిలోకే రావాలి. ఒకే మంచం మీద ఇద్దరు రోగులు పడుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. ఇంజనుకి జ్వరమొస్తే గేర్‌బాక్స్‌కీ అంటుకుంటుంది.

"ఎంతసేపటికి ఎక్కుతుంది ముల్లు?"

"మూడో మలుపుకండీ. కింద తిన్నటి రోడ్డు మీద ఎంత దూరం పోయినా ఏమీ ఉండదు. మట్టి బస్తాలేసుకుని గుట్ట ఎక్కితేనే. ఆపుకుని ఓ పావుగంట నిలబడితే మళ్ళీ దిగుతుంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

పొడుగు డ్రైవరు నేల చూశాడు. "చెప్తే మునుపటి ఆయనకి పట్టిన గతే నాకూ పడుతుందని భయమేసిందండీ. రోజూ మధ్యలో ఆపుకుని చల్లార్చుకుని ఎక్కుతున్నా. ఇవాళ నర్సరీ అమ్మగారు పక్కనే కూర్చున్నారు. దాచలేకపోయాను."

మునుపటి ఆయన పేరు షెడ్డులో ఎవరూ ఎత్తరు. అతను మేస్త్రి భార్యకి తమ్ముడు. పదకొండేళ్ళు ఆ పికప్ నడిపి, గేర్‌బాక్స్ కాలినప్పుడు పని పోగొట్టుకున్నాడు. తోటి డ్రైవర్లు అతన్ని 'నిదానం' అని పిలిచేవాళ్ళు. మొక్కల కుండీ ఒక్కటి కూడా ఒరగకుండా తీసుకెళ్ళేవాడని కొంత మెచ్చుకోలూ, వెనక వచ్చేవాళ్ళకి ఓపిక నశించేదని కొంత వెక్కిరింతా ఉండేవి ఆ పేరులో.

"కాలు తగ్గించి తొక్కు," అనే మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో పొడుగు డ్రైవరు ఇంకో మాట అన్నాడు.

"ఇంకొకటండీ. మీరు నవ్వనంటే చెప్తా. మలుపులో ఆపి బండి ముందుకెళ్ళి నిలబడతానా, మోకాళ్ళకి వేడిగాలి కొడుతుంది."

మేస్త్రి చేతిలో కాగితం ఆగిపోయింది.

ఏడాది కిందట ఇదే షెడ్డులో, ఇదే చోట నిలబడి, నిదానం ఇదే మాట చెప్పాడు. ఒక్క అక్షరం తేడా లేదు. అప్పుడు షెడ్డులో నలుగురైదుగురు బండ్లవాళ్ళు ఉన్నారు. "ఇంజను ముందు నిలబడితే వేడిగాలి రాక మల్లెపూల వాసనొస్తుందేంట్రా?" అన్నాడు మేస్త్రి. అందరూ పడీ పడీ నవ్వారు. నిదానం కూడా, మొహమాటానికి, కాస్త నవ్వాడు.

"బండి ఇక్కడే వదిలి వెళ్ళు," అన్నాడు మేస్త్రి. "బస్తాలు దింపొద్దు. అలాగే ఉండనీ."

* * *

మేస్త్రి ఇల్లు షెడ్డు వెనకే. వంటింటి కిటికీలోంచి చూస్తే రిపేరుకి వచ్చిన బండ్లన్నీ కనిపిస్తాయి. సాయంత్రం చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి అతని భార్య గిన్నెలు తోముతోంది.

"ఆ బండి మళ్ళీ వచ్చిందే," అంది, వెనక్కి తిరక్కుండా.

"ఆ."

"ఏమైందిట?"

"వేడెక్కుతోంది. గేర్‌బాక్స్ కూడా మాడు వాసన వస్తోంది."

ఆవిడ కుళాయి కట్టేసింది. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ, చాలా మామూలుగా, "ఇప్పుడు నడిపేది మా తమ్ముడు కాదుగా," అంది.

అంతే. మళ్ళీ కుళాయి తిప్పుకుంది. దెప్పాలనుకుంటే ఆవిడకి ఏడాదిగా రోజూ వంద సందర్భాలు దొరికాయి. ఒక్కసారీ దెప్పలేదు. తమ్ముడు ఆదివారాలు రావడం మానేశాడు. ఆవిడ ఎందుకని అడగలేదు, రమ్మని కబురూ పెట్టలేదు. అతను వచ్చినప్పుడు కూర్చునే పొట్టి స్టూలు మాత్రం వంటింట్లోంచి కదపలేదు. మేస్త్రి దాన్ని దాటుకుంటూ తిరగడం నేర్చుకున్నాడు. ఆవిడ నిష్ఠూరమాడి ఉంటే బాగుండేదని అతనికి అప్పుడప్పుడూ అనిపించేది. సమాధానం చెప్పడానికి తన దగ్గర గట్టి మాటే ఉందని అనుకునేవాడు మరి.



* * *

పొద్దున్నే తనే పికప్ ఎక్కాడు. వెనక మట్టి బస్తాలు పద్దెనిమిది, పైన ఖాళీ కుండీలు. తిన్నటి రోడ్డు మీద బండి పెళ్ళికూతురిలా నడిచింది. గుట్ట మొదలయ్యాక అతను చెప్పు కూడా విప్పేసి, వట్టి కాలుతో పెడల్ మీద వేళ్ళు మాత్రం ఆనించి నడిపాడు. కోడిగుడ్డు మీద కాలు పెట్టినా పగలదు, అంత తేలిగ్గా. మొదటి మలుపు దాటింది. ముల్లు మధ్యలో ఉంది. రెండో మలుపు దగ్గర వణికింది. మూడో మలుపు తిరుగుతుండగా అతని కళ్ళ ముందే, ఎవరో వేలు పెట్టి నెట్టినట్టు, ఎర్ర గీత వైపు జరిగింది. గేరు ఒకసారి జారి, ఇంజను ఊరికే అరిచి, మళ్ళీ పట్టుకుంది.

ఆ పెడల్ మీద ఉన్నది తన కాలే. అతను కిందికి చూసుకున్నాడు కూడా.

బండి పక్కకి తీసి, ఇంజను ఆపకుండా దిగి, ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. వేడిగాలి. ఊరికే వేడి తగలడం కాదు. పంచె కుచ్చిళ్ళు వెనక్కి ఎగిరేంత గట్టిగా, ముందు జాలీలోంచి బయటికి, అతని మోకాళ్ళ మీదికి కొడుతోంది.

గాలి ముందు నుంచి లోపలికి పోవాలి. రేడియేటర్ వెనకున్న ఫ్యాను దాన్ని లాక్కోవాలి. ఏ మెకానిక్ అయినా పని నేర్చుకున్న మొదటి నెలలో తెలుసుకునే సంగతి అది. అతనికి తెలిసి ముప్పై ఏళ్ళు దాటింది. అయినా మనసు ఒప్పుకోలేదు. సీటు మీద నర్సరీవాళ్ళు మొక్కల పేర్లు రాసుకునే కాగితం ఒకటి ఉంటే తెచ్చి, జాలీకి దగ్గరగా పెట్టి వదిలాడు. జాలీకి అతుక్కోవాల్సిన కాగితం ఎగిరి వచ్చి అతని ఛాతీకి కొట్టుకుంది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారి రెండు చేతులతో జాలీకి అదిమిపట్టి, చేతులు తీశాడు. అది రోడ్డు దాటి పొదల్లోకి పోయింది.

బానెట్ ఎత్తి చూశాడు. ఆ ఫ్యాను బండితో పాటు వచ్చింది కాదు. అసలు ఫ్యాను పాడైతే, ఇంత పాత బండికి అలాంటిది ఎక్కడా దొరక్క, తుక్కుకి పోయిన వేరే కారు నుంచి కరెంటు ఫ్యాను తెచ్చి, గేర్‌బాక్స్ కాలడానికి కొన్నాళ్ళ ముందు, తనే బిగించాడు. తీగలు కలిపిన చోట నల్ల టేపు చుట్టి ఉంది. టేపు చివర చిన్న మడత. మళ్ళీ విప్పాల్సి వస్తే గోరుకి దొరకాలని అలా మడత పెట్టడం ఈ చుట్టుపక్కల ఒక్క అతని అలవాటే. నల్ల తీగ బండి ఒంటికి, ఎర్ర తీగ బ్యాటరీకి. కళ్ళు మూసుకుని కూడా అలాగే కలుపుతాడు. కానీ ఆ కారు చేసినవాళ్ళు ఆ ఫ్యానుకి రంగులు తిరగేసి వేశారు. ఫ్యాను తిరిగింది, కానీ ఎదురు తిరిగింది. వెనక్కి లాగాల్సిన గాలిని ముందుకి తోసింది.

షెడ్డులో నిలబడి ఉంటే గాలి ఎటు పోయినా రేడియేటర్ కాస్త చల్లబడుతుంది. రోడ్డు మీద వేగంగా పోతే ఎదురుగాలి ఫ్యానుని గెలిచేస్తుంది. గుట్ట మీద, బరువుతో, నడిచే మనిషి వేగంతో ఎక్కేటప్పుడు మాత్రం వచ్చే గాలీ పోయే గాలీ ఒకదాన్నొకటి ఆపేసుకుంటాయి. ఎంత నిదానంగా నడిపితే అంత వేడెక్కుతుంది. ఆ మాట తట్టాక మేస్త్రి రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు.

అతని చెవి అప్పుడే చెప్పింది. బిగించిన రోజున ఫ్యాను మోతలో ఏదో గరుకు వినిపించింది. పాత సరుకు, బేరింగు అరిగి ఉంటుందిలే అని చెవికి తనే సర్దిచెప్పాడు. ఒక కాగితం ముక్క పెట్టి చూడడానికి రెండు క్షణాలు పట్టేది. చూడలేదు. గుట్ట ఎక్కించి చూడమని బామ్మర్ది రెండుసార్లు బతిమాలాడు. వినలేదు. షెడ్డులో అరగంట తిప్పి, ముల్లు కదల్లేదని చేతులు దులుపుకున్నాడు.

అంతటితో ఊరుకున్నాడా? నర్సరీ అమ్మగారు వచ్చి అడిగితే, బామ్మర్ది పక్కన నిలబడి ఉండగానే, "నావాడని దాచనమ్మా. బండిలో లోపం లేదు, ఇతని కాల్లో ఉంది," అన్నాడు. ఆవిడ, "సొంత మనిషి మీద కూడా ఇంత నిక్కచ్చిగా చెప్పేవాళ్ళు ఎక్కడున్నారండీ," అంది. ఆ మెప్పు అతన్ని చాలా రోజులు వెచ్చగా ఉంచింది.  నిజం చెప్పానని కాదు అతను అంత సంతోషపడింది. నిజం చెప్పేవాడినని నలుగురూ అనుకున్నందుకు.

గేర్‌బాక్స్ కాల్చిన డ్రైవరుకి ఇంకెవరూ బండి ఇవ్వలేదు.

టేపు మడత గోటికి దొరికింది. విప్పబోయి ఆగాడు. అలాగే వదిలి బానెట్ దించాడు.

* * *

గుట్ట పైన నర్సరీలో అమ్మగారు నీడకోసం కట్టిన ఆకుపచ్చ పరదా కింద కూర్చుని, చిన్న చిన్న మొక్కల్ని సంచుల్లోకి మారుస్తోంది. మేస్త్రి నిలబడే చెప్పాడు. మధ్యలో ఎక్కడా మెత్తబరచలేదు, పాత సరుకు మీదకీ రంగుల మీదకీ నెట్టలేదు. "తీగలు తప్పు కలిపింది నేను. చూసుకోనిది నేను. అతని కాలు మీద వేసింది నేను," అన్నాడు.

ఆవిడ వేళ్ళ మధ్య మట్టిని నలుపుతూ కూర్చుంది. నాలుగు కేకలు వేస్తుందని, పడదామనే సిద్ధపడి వచ్చాడు అతను. ఆవిడ కేకలు వెయ్యలేదు.

"ఇక్కడే పెట్టాడు తాళం," అంది, పక్కనున్న చెక్క బల్ల చూపించి. "నేను పొమ్మన్న రోజున వెంటనే పోలేదు. బండి కడిగాడు. లోపలా బయటా శుభ్రంగా తుడిచి, తెచ్చి తాళం ఇక్కడ పెట్టాడు. అప్పుడన్నా నాకు తెలియాలి కదండీ? బండిని పాడుచేసేవాడు పోతూ పోతూ కడుగుతాడా?"

"మీరు నా మాట నమ్మారమ్మా."

"అదే కదా నా తప్పు. పదకొండేళ్ళు కళ్ళారా చూసినవాడిని వదిలేసి, మీ చెవుల్ని నమ్మాను." చేతులు దులుపుకుని లేచింది. "రమ్మనండి. రేపే రమ్మనండి. పొడుగాయనకి ఇక్కడ వేరే పని చాలా ఉంది. ముందు ఆ తీగలు మార్చి తీసుకురండి."

"ఇప్పుడే మార్చను. అతనికి చూపించాక మారుస్తాను."

ఆ సాయంత్రం గేర్‌బాక్స్‌లో మాడిన ఆయిల్ తీసేసి కొత్తది పోశాడు. లోపలి ప్లేట్లు ఈసారి ఇంకా కాలిపోలేదు. భార్య కిటికీలోంచి చూస్తూనే ఉంది. లోపలికి వచ్చాక, "ఏం తేలింది?" అని అడిగింది.

"రేపు తేలుతుంది," అన్నాడు. ఇంజనుల ముందు ముప్పై ఏళ్ళు తడబడని నోరు, ఆవిడ ముందు ఆ ఒక్క వాక్యం కంటే ముందుకి పోలేదు.

* * *

బస్సులు ఆగే చోటు వెనక ఖాళీ స్థలంలో బండ్లు నిలుపుకుంటారు. అక్కడ చీటీలు ఇచ్చి, వచ్చిన బండిని ఖాళీ చూపించి నిలబెట్టించే పని నిదానంది. మేస్త్రి పికప్‌ని సందు మలుపు తిప్పేసరికే అతను, అటు తిరిగి ఎవరి కారునో వెనక్కి రమ్మంటున్నవాడు, ఈల నోట్లో ఉండగానే ఇటు తిరిగాడు. చూడకుండానే గుర్తుపట్టాడు. వినడం ఒక్క మేస్త్రికే వచ్చిన విద్య కాదు మరి.

"బాగున్నావా బావా?" అన్నాడు దగ్గరికొచ్చి. "అక్క బాగుందా?"

"బాగుంది. నీతో మాట్లాడాలిరా."

మేస్త్రి చెప్పాడు. నర్సరీలో చెప్పినంత తిన్నగా రాలేదు మాట.  నిదానం చీటీల పుస్తకం అంచుని బొటనవేలితో గీకుతూ విన్నాడు. విన్నాక, అతను కోపం తెచ్చుకోలేదు. సంతోషపడలేదు.

"వదిలెయ్ బావా, ఇప్పుడెందుకు," అన్నాడు. "నా కాలు కూడా బరువేలే."

"అదేంట్రా?"

"నువ్వు చెప్పాక ఆలోచించుకున్నా. అంత తెలిసినవాడివి ఊరికే అనవు కదా. ఇక్కడ నిలబడి పనేముంది, మనసులో రోజూ గుట్ట ఎక్కుతుంటాను. మొదటి మలుపు, రెండో మలుపు. మూడో మలుపు దగ్గర కొంచెం ఎక్కువ తొక్కాననే అనిపిస్తుంది ప్రతిసారీ. తొక్కే ఉంటాను."

మేస్త్రి తప్పు తనదని ఒప్పుకోవడమే కష్టమనుకుని వచ్చాడు. ఒప్పుకున్నా అవతలివాడు తీసుకోడని అనుకోలేదు.

"ఇలా రా. ఒక్కసారి వచ్చి నిలబడు," అని చెయ్యి పట్టుకుని బండి ముందుకి తీసుకొచ్చాడు. ఇంజను నడుస్తూనే ఉంది. నిదానం నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర రెపరెపలాడింది. అతను కిందికి చూసుకున్నాడు. ఒక చెయ్యి దించి, మోకాలి ముందు గాలిలో పెట్టి, అటూ ఇటూ తిప్పాడు.

"అప్పుడూ ఇలాగే కొట్టింది," అన్నాడు మెల్లిగా.

"చెప్పావురా. నేనే నవ్వాను."

మేస్త్రి ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, టేపు మడత గోటితో లాగి, తీగలు విడదీసి, నల్లది ఎర్రదానికీ ఎర్రది నల్లదానికీ కలిపి, మళ్ళీ టేపు చుట్టాడు. నాలుగు నిమిషాల పని. బానెట్ దించి, ఇంజను మళ్ళీ తిప్పి, నిదానం చేతిలోంచి చీటీ ఒకటి చింపుకుని జాలీ ముందు పెట్టాడు. చీటీ టప్పున అతుక్కుపోయింది. నిదానం దాన్ని వేలితో లాగి వదిలాడు. మళ్ళీ అతుక్కుంది. మళ్ళీ లాగాడు. మోకాళ్ళ దగ్గర గుడ్డ కదలడం లేదు.

"అయితే నేను అబద్ధం చెప్పలేదన్నమాట," అన్నాడు.

"లేదురా. నువ్వు ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు."

"ఊహూ, నీకు కాదు బావా చెప్తున్నది," అన్నాడు నిదానం. "నాకే అనుమానం వచ్చేసింది."

* * *

గంట సెలవు అడిగి వచ్చాడు గానీ, తాళం తీసుకోలేదు. "నువ్వే నడుపు, నేను గేజి చూస్తా," అని పక్క సీట్లో కూర్చున్నాడు. గుట్ట ఎక్కుతున్నంతసేపూ అతను ముల్లు వైపే చూశాడు. మేస్త్రి మాత్రం ఓరగా అతని కాలు వైపు చూశాడు. పక్క సీటు కింద పెడల్ ఏమీ లేదు. అయినా ప్రతి మలుపు దగ్గరా నిదానం కుడికాలు చెప్పులోంచి లేచి, భయం భయంగా గాలిలో నిలబడి, మలుపు దాటాక కిందికి దిగుతోంది. మూడో మలుపు వచ్చింది, పోయింది. ముల్లు మధ్యలోనే ఉంది. పైదాకా అది అక్కడే ఉంది.

అమ్మగారు పరదా కింది నుంచి ఎదురొచ్చింది. దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. మేస్త్రి ఇంజను ఆపి తాళం బామ్మర్ది అరచేతిలో పెట్టాడు. నిదానం దాన్ని చూసుకున్నాడు. దానికి తగిలించిన నీలం దారం అతను కట్టిందే. కాసేపు దారం ముడి తడుముకుని, తాళాన్ని తీసుకెళ్ళి చెక్క బల్ల మీద, అప్పుడు పెట్టిన చోటే పెట్టాడు.

"వద్దమ్మా."

"నా మీద కోపమా?"

"అయ్యో, కోపం కాదు. బండెక్కితే కాలు నా మాట వినడం లేదు. ఎంత తొక్కాలో, ఎక్కడ తియ్యాలో తెలియడం లేదు. అడుగడుగునా దాన్నే అనుమానిస్తూ లోడు బండి ఎలా నడపను?"

"నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది."

"అవుతుందేమో," అన్నాడు మర్యాదగా, అవదని తెలిసినవాడిలా.

మేస్త్రి బండిలో దించుతానన్నా వినకుండా, నడిచే వెళ్తానన్నాడు. గేటు దగ్గర ఆగి, "ఆదివారం వస్తానని అక్కతో చెప్పు," అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగి, "ఈ సంగతి మాత్రం నేను చెప్పను బావా. నువ్వే చెప్పుకో," అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే మేస్త్రికి కాస్త తేలిగ్గా ఉండేది.

రిపేరు చేసిన బండిని రెండోసారి గుట్ట ఎక్కించి చూడందే అప్పగించకూడదని ఆ రోజు నుంచి మేస్త్రి పెట్టుకున్న నియమం. ఏడాది ఆలస్యంగా పెట్టుకున్నాడు. బస్తాలు దింపకుండానే కిందికి దిగాడు. దారిలో నడుస్తున్న బామ్మర్దిని దాటాడు. కింద తిప్పుకుని మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు. ఈసారి చెప్పు విప్పలేదు. రెండో మలుపు దాటాక ఏమనిపించిందో, కాలు మొత్తం మోపి పెడల్‌ని కిందికంటా తొక్కాడు. ఇంజను గొంతు చించుకుంది. వెనక కుండీలు దడదడ కొట్టుకున్నాయి. ఇంతకంటే బరువుగా ఏ కాలూ తొక్కలేదు. ఒకవేళ నిదానం నిజంగానే తొక్కి ఉన్నా ఇంతకంటే తొక్కి ఉండడు.

ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

ఒక్కసారి లేస్తే బాగుండును, కొంచెమైనా లేస్తే తప్పంతా తనొక్కడిదే కాకపోయేదని అతను దాని వైపే చూస్తూ మూడో మలుపు తిరిగాడు. రోడ్డు అంచున, గోడకి ఒదిగి నిలబడి, నిదానం ఇతనికి దారి ఇచ్చాడు. అరుస్తూ వస్తున్న బండిని చూసి, ఏళ్ళ తరబడి వెనక వచ్చేవాళ్ళకి చేసినట్టే, అరచెయ్యి కిందికి పెట్టి మెల్లిగా, మెల్లిగా అని గాలిని తట్టాడు. మేస్త్రి కాలు తీసేశాడు. అద్దంలో ఆ చెయ్యి మలుపు చాటయ్యేదాకా కనిపించింది.